బస్సు వెళ్ళిపోయే గడి ఎంత పెద్దగా ఉండాలి?

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు మా తాతయ్యా నేనూ సీతాఫలాల గంప తీసుకుని మేనత్త వాళ్ళ ఊరికి బయల్దేరితే బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు మీద ఎనిమిది పేజీల కామిక్ గీస్తున్నాను. బొమ్మలు బాగున్నాయంటున్నారు కానీ చదివేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆగి "ఇప్పుడు ఏది చదవాలి?" అని అడుగుతున్నారు. మొదట ప్రతి పేజీనీ ఆరు సమానమైన గడులుగా గీశాను, చప్పగా ఉందన్నారు. తర్వాత జపాన్ కామిక్స్, అదే మాంగాలు చూసి గీతలన్నీ ఏటవాలుగా మార్చాను, ఇంకా గందరగోళమైంది. మూడో పేజీని రెండు రకాలుగానూ ఫొటో తీసి పంపుతున్నాను. పూర్తయ్యాక పుస్తకంగా కుట్టించి, ఫోన్‌లో కూడా పెడదామనుకుంటున్నాను. పేజీని ప్యానెల్స్‌గా విడగొట్టడానికి ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు: చెల్లీ, నీ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. తాతయ్య గంప దించేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది నీకు బొమ్మ వచ్చని, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, గంప కింద పెట్టడానికి ఎంత చోటిచ్చావో, బస్సు ఆగకుండా వెళ్ళిపోవడానికీ సరిగ్గా అంతే చోటిచ్చావు. ఈ కథంతా ఆ బస్సు మీదే కదా నడిచేది? సీతాఫలం చెట్టు మీంచి కోశాక రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది, ఇవాళ బస్సు దొరక్కపోతే రేపటికి ఆ పండ్లు కూతురి దాకా చేరవు, తాతయ్యకి ఆ సంగతి తెలుసు, నీకూ తెలుసు. పేజీకి మాత్రం తెలియడం లేదు.

గడి సైజు అంటే చదివేవాళ్ళు అక్కడ నిలబడే సేపు. పెద్ద గడిలో, అందులోనూ మాటలు లేని పెద్ద గడిలో, కన్ను నెమ్మదిగా తిరుగుతుంది. సన్నటి గడులు మూడు వరసగా పెడితే గబగబా దాటేస్తుంది. నువ్వు ఆరు గడులూ ఒకే కొలతలో పెట్టావంటే ఆరు సంగతులూ ఒకే బరువున్నవని చెప్పినట్టు. చప్పగా ఉందని వాళ్ళు అన్నది అందుకే.

అలాగని సమానమైన గడులు తప్పని మాత్రం అనుకోకు. డేవ్ గిబ్బన్స్ 1986-87లో ఇంగ్లీషు కామిక్ 'వాచ్‌మెన్'కి బొమ్మలు గీసినప్పుడు వరసకి మూడు చొప్పున మూడు వరసలు, మొత్తం తొమ్మిది గడుల చట్రం ఒకటి పెట్టుకుని ఎక్కువ పేజీలు ఆ చట్రంలోనే నడిపించాడు, కావలసిన చోట రెండు మూడు గడుల్ని కలిపేసి ఒక పెద్ద గడి చేశాడు. అప్పటిదాకా ఒకే తాళంలో నడిచిన కన్ను అక్కడ ఠక్కున ఆగుతుంది. అంటే చట్రం ఉండటం మంచిదే, ఎక్కడ తప్పాలో ముందే తెలిసి ఉంటే.

ఇప్పుడు నీ పని. స్కేలు పక్కన పెట్టెయ్. మూడో పేజీలో ఏమేం జరుగుతాయో ఒక కాగితం మీద మామూలు మాటల్లో రాయి. నీ బొమ్మలు చూసి నేను రాసుకున్నవి ఇవి: తాతయ్య గంప దించాడు, రోడ్డు వైపు చూశాడు, నువ్వు "తాతా, బస్సొస్తదా?" అని అడిగావు, బస్సు వచ్చింది, ఆగకుండా పోయింది, తాతయ్య మళ్ళీ కూర్చున్నాడు. ఈ ఆరింట్లో చదివేవాళ్ళకి రేపు కూడా గుర్తుండాల్సింది ఏది అని నిన్ను నువ్వు అడుగు. ఒక్కటే ఎంచుకో. రెండు ఎంచుకోవాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది, అప్పుడు రెండోది వేరే పేజీకి వెళ్ళాలని అర్థం. ఆ ఎంచుకున్నదానికి సగం పేజీ ఇచ్చెయ్, మిగిలినవన్నీ మిగిలిన సగంలో సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోవు, వాటిని తీసెయ్. "రోడ్డు వైపు చూశాడు" అనేదానికి విడిగా గడి ఎందుకు? గంప దించుతున్నప్పుడే తల రోడ్డు వైపు తిప్పి ఉంటే సరిపోతుంది.

దీన్ని పెద్ద కాగితం మీద మొదలుపెట్టకు. ఒక ఎ4 కాగితాన్ని మూడుసార్లు మధ్యకి మడిచి విప్పు, ఎనిమిది చిన్న భాగాలు వస్తాయి, ఒక్కోటి 74 బై 105 మిల్లీమీటర్లు, అటూ ఇటూ పేకముక్క కన్నా కొంచెం పెద్దది. వాటి పొడవు వెడల్పుల నిష్పత్తి ఎ4కి ఎంతో సరిగ్గా అంతే. నీ కథ ఎనిమిది పేజీలే కాబట్టి మొత్తం కథ ఒక్క కాగితం మీదకి వచ్చేస్తుంది. ఒక్కో భాగంలో మనుషుల్ని గుండ్రాలుగా, కర్రపుల్లలుగా గీస్తూ గడులు విడగొట్టు. వీటినే థంబ్‌నెయిల్స్ అంటారు. ఒక్కో పేజీకి నిమిషం, రెండు నిమిషాలు చాలు, నచ్చకపోతే ఇంకో కాగితం మడువు, ఒకే పేజీని నాలుగు రకాలుగా చేసి చూడు. ఎ3 కాగితం మీద రెండు రోజులు కూర్చుని ఇంకు కూడా వేశాక "ఈ గడి పెద్దదైతే బాగుండేది" అనిపిస్తే చింపడానికి చేతులు రావు, అదే ఈ సైజులో అయితే బాధ ఉండదు. ఎనిమిది పేజీలూ ఒకేసారి కంటి ముందు ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది, వరసగా మూడు పేజీలు ఒకేలా వచ్చేస్తే అక్కడే కనిపించిపోతుంది.

ఇంకో సంగతి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీని గురించి మన భాషలో చెప్పేవాళ్ళు తక్కువ. గడుల కన్నా ముందు మాటలు రాసుకో. నా మొదటి నాలుగు పేజీల కథ ఒక పిల్లల పత్రికకి గీసినప్పుడు నేను గడులు గీసి, బొమ్మలు గీసి, ఇంకు వేసి, చివరికి మాటలు రాసే బెలూన్లు పెట్టాను. అమ్మ కొడుకుతో చెప్పే మాట మూడు లైన్లలో పడుతుందనుకున్నది ఆరు లైన్లయింది, అచ్చయి వచ్చాక చూస్తే అమ్మ ముఖం సగం బెలూన్ కిందకి వెళ్ళిపోయి ఉంది. ఆ ముఖం కోసమే ఆ గడి గీశాను నేను. ఆ పత్రిక ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆ పేజీ తెరిచినప్పుడల్లా బాధేస్తుంది.

ఇంగ్లీషు కామిక్స్‌లో అక్షరాలు ఎక్కువగా అన్నీ పెద్దబడిలోనే, అంటే క్యాపిటల్స్‌లోనే రాస్తారు, ఎత్తు అంతా ఒక్కటే, మాటలు చిన్నవి, కాబట్టి గుండ్రటి బెలూన్‌లో ఇట్టే సర్దుకుంటాయి. తెలుగు అలా కాదు కదా. కింద వత్తు వస్తుంది, పైన గుడి వస్తుంది, "రాష్ట్రం" లాంటి మాట కింద "స్త్రీ" లాంటి మాట పడితే పై లైను వత్తులూ కింది లైను గుడీ కొట్టుకుంటాయి. లైన్ల మధ్య చోటు ఎక్కువ వదలక తప్పదు. పైగా మన మాటలు ఒకదానికొకటి అతుక్కుపోయి పొడుగైపోతాయి. "వెళ్ళిపోయిందేమోననుకున్నాను" అనేది ఒకే మాట, సన్నటి బెలూన్‌లో పట్టదు, మధ్యలో విరిచి "వెళ్ళిపోయిందేమో" ఒక లైనులో, "ననుకున్నాను" ఇంకో లైనులో రాస్తే చదివేవాడు తడబడతాడు. అక్కడ "వెళ్ళిపోయిందేమో" అని ఆపి కింది లైనులో "అనుకున్నా" అని రాయి, నోటితో అన్నట్టూ ఉంటుంది, లైనూ సరిపోతుంది. మన బెలూన్లకి వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉంటే బాగుంటుంది, గడిలో పైభాగంలో పెడితే ఇంకా బాగుంటుంది. అంటే ఎవరైనా రెండు మూడు వాక్యాలు మాట్లాడే గడి సన్నగా నిలువుగా ఉండకూడదు, అడ్డంగా ఉండాలి. మాటలు లేని గడుల్ని ఎంత సన్నగా చేసినా పర్వాలేదు. చూశావా, ఏ గడి ఏ ఆకారంలో ఉండాలో సగం వరకు మాటలే చెప్పేస్తాయి.

చేసే విధానం చెప్తాను. నీ చేతి రాతలో, అసలు సైజులో, ఒక్కో మాటనీ చిన్న చీటీ మీద రాసి కత్తిరించు. ఖాళీ పేజీ మీద ఆ చీటీలు పెట్టి జరుపుకుంటూ పో. ఎ3 మీద గీసి ఎ4 సైజులో అచ్చు వేయిస్తే అన్నీ దాదాపు 71 శాతానికి తగ్గుతాయి, 6 మిల్లీమీటర్ల అక్షరం 4 మిల్లీమీటర్ల చిల్లరకి వస్తుంది, వత్తులు ఇంకా చిన్నవవుతాయి. అదీ చూసుకో.

ఇక "ఏది చదవాలి?" అని అడుగుతున్నారన్నావు కదా, ఆ సంగతి. మన కన్ను ఎడమ నుంచి కుడికి వెళ్ళి, వరస అయిపోగానే కింది వరసలో ఎడమకి వస్తుంది, రాత చదివినట్టే. జపాన్‌లో మాంగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అక్కడ ఏటవాలు గీత కన్నుని ఎడమ వైపు జార్చడానికి పెట్టింది, నువ్వు అదే గీతని తెచ్చి మన పేజీలో పెడితే కన్ను కుడికి వెళ్ళాల్సినప్పుడు గీత ఎడమకి లాగుతుంది. ఇంకోటి, వాళ్ళ బెలూన్లలో రాత పైనుంచి కిందికి నిలువుగా ఉంటుంది, అందుకే నిలువు గడులు, పొడుగు బెలూన్లు వాళ్ళకి చక్కగా కుదురుతాయి. మాంగా మీద ఇష్టం ఉంటే వదులుకోమని చెప్పను, నాకూ ఇష్టమే. వాళ్ళు ముఖాన్ని ఎంత దగ్గరగా చూపిస్తారో, ఏమీ జరగని క్షణానికి ఎంత చోటిస్తారో అది నేర్చుకో, గీతల వాలు మాత్రం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఒకట్రెండు చోట్ల, అదీ నిజంగా ఏదో ఒరిగిపోతున్నప్పుడు, పరిగెత్తుతున్నప్పుడు. తాతయ్య బస్సు కోసం కూర్చుని ఉంటే గీత ఒరగడానికి కారణం లేదు.

నీ రెండో రకం పేజీలో తప్పకుండా తడబడే చోటు ఒకటుంది, ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గడులు, వాటి పక్కన కుడివైపు రెండింటి ఎత్తూ ఉన్న పొడుగు గడి. పై గడి చదివాక కిందికి దిగాలా, పక్కకి దూకాలా? కొందరు దిగుతారు, కొందరు దూకుతారు, దూకినవాళ్ళు వెనక్కి రావాల్సి వస్తుంది. దాన్నే తిరగేసి పొడుగు గడిని ఎడమకి, చిన్నవాటిని కుడికి మార్చు, ఎవరూ తడబడరు. మార్చడానికి వీల్లేకపోతే పై గడిలోని బెలూన్ తోక కిందికి దిగి కింది గడి అంచుని తాకేలా పెట్టు, కన్ను దాన్ని పట్టుకుని దిగుతుంది.

గడుల మధ్య ఖాళీ సందు కూడా దారి చూపిస్తుంది. అన్నిచోట్లా ఒకే వెడల్పు వదిలావు నువ్వు. పక్కపక్క గడుల మధ్య 3 మిల్లీమీటర్లు, వరసకీ వరసకీ మధ్య 6 మిల్లీమీటర్లు వదిలి చూడు, దగ్గరగా ఉన్నవి ఒక గుంపని కన్నుకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు గడుల మూలలూ ఒకేచోట కలిసి ప్లస్ గుర్తులా రాకుండా, పై వరస నిలువు సందునీ కింది వరస నిలువు సందునీ కొంచెం అటూ ఇటూ జరిపితే వరసలు ఇంకా గట్టిగా నిలబడతాయి.

చేర్యాల పటాలు చూశావా? చూడకపోతే ఒకసారి చూసి రా, సిద్దిపేట జిల్లా, మీకు మరీ దూరమేం కాదు. పొడుగాటి గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో కులపురాణాల కథలు వరసలు వరసలుగా వేసి, వరసకీ వరసకీ మధ్య పూల అంచు పెడతారు. కథ చెప్పేవాళ్ళు దాన్ని విప్పుతూ, ఇదిగో ఈ బొమ్మ అని చూపిస్తూ పాడేవాళ్ళు. అంచు గీత ఎంత పని చేస్తుందో అక్కడ తెలుస్తుంది. ఆ పటం పక్కన చూపించే మనిషి ఉన్నాడు. నీ పేజీ పక్కన నువ్వుండవు, పాలమూరులో గీసిన పేజీని ఎవరో విశాఖలో చదువుతారు, చూపించే పనంతా గడులూ సందులూ బెలూన్లే చెయ్యాలి.

సరే, నీ మూడో పేజీని నేనైతే ఎలా విడగొడతానో చెప్తాను, నచ్చినంత తీసుకో.

పుస్తకంగా కుట్టించబోతున్నావు కాబట్టి ఒకటో పేజీ కుడివైపు వస్తుంది, రెండు మూడు ఎదురెదురుగా ఉంటాయి, మూడో పేజీ కుడివైపుది, దాన్ని తిప్పితేనే నాలుగు కనిపిస్తుంది. నీ బస్సు మూడో పేజీ మధ్యలో వచ్చి వెళ్ళిపోతోంది. రెండో పేజీ చదువుతున్నవాళ్ళకే పక్క పేజీలో దుమ్ము లేపుకుంటూ పోతున్న బస్సు కనిపించేస్తుంది, ఇంకేం మిగిలింది? బస్సు పోవడాన్ని నాలుగో పేజీకి నెట్టెయ్.

మూడో పేజీలో పై వరస మొత్తం ఒకే గడి, అడ్డంగా. ఖాళీ రోడ్డు, ఎడమ చివర చిన్నగా తాతయ్య, గంప, నువ్వు. మాటలు వద్దు. కింది వరసలో మూడు గడులు. మొదటిది సన్నది, తాతయ్య బొటనవేలు ఒక పండుని మెత్తబడిందేమోనని నొక్కి చూస్తోంది, చెయ్యి తప్ప ఇంకేం కనిపించదు. రెండోది కొంచెం వెడల్పు, "తాతా, బస్సొస్తదా?" "వస్తది బిడ్డా." ముందు అడిగింది నువ్వు కాబట్టి నువ్వు ఎడమన, నీ బెలూన్ పైన, తాతయ్యది కుడిన కొంచెం కిందికి. నీ పాత పేజీలో తాతయ్య ఎడమన ఉండటంతో ఆయన జవాబు ముందు చదువుతున్నారు, నీ ప్రశ్న తర్వాత చదువుతున్నారు. అక్కడే ఒకరు ఆగిపోయి ఉంటారు. మూడోది మళ్ళీ సన్నది, తాతయ్య ముఖం ఒక్కసారిగా కుడివైపు తిరిగింది. చివరి వరస ఒకే గడి, రోడ్డు చివర వేలిగోరంత ఎర్రటి చుక్క, దూరం నుంచి హారన్. పేజీ అక్కడ అయిపోతుంది, తిప్పాల్సిందే.

కానీ ఇక్కడొక చిక్కుంది, జాగ్రత్తగా చూసుకో. బస్సు కుడి నుంచి ఎడమకి వస్తుందా, ఎడమ నుంచి కుడికి పోతుందా? నువ్వు నాలుగో గడిలో ఒకలా, ఐదో గడిలో ఇంకోలా గీశావు, అందుకని చూసేవాళ్ళకి రెండు బస్సులు వచ్చినట్టుంది. రోడ్డుకి ఒక పక్కనే నిలబడి చూస్తున్నానని అనుకో, రోడ్డు దాటి అవతలికి వెళ్ళకు. నేనైతే ఆ చుక్కని ఎడమ చివర పెట్టి బస్సుని ఎడమ నుంచి కుడికి నడిపిస్తాను, కన్ను నడిచే దిక్కులోనే బస్సూ పోతే అది మరీ వేగంగా దాటిపోయినట్టుంటుంది. అప్పుడు తాతయ్య ముఖం కూడా ఎడమకే తిరగాలి, పై గడిలో వాళ్ళిద్దరూ కుడి చివరికి మారాలి. ఒకటి మారిస్తే మూడు మారతాయి, థంబ్‌నెయిల్స్ దశలోనే ఇది తేల్చుకోమనేది అందుకే.

నాలుగో పేజీలో పైన మూడింట రెండు వంతులు బస్సే. గడి గీత కూడా వెయ్యకు, పైనా ఎడమనా అంచు దాటి బొమ్మ పేజీ బయటికి పోనీ, నాలుగో పేజీకి కుడి అంచు కుట్టు వైపు ఉంటుంది. అచ్చు వేసేవాళ్ళు అంచు కత్తిరిస్తారు కాబట్టి బయటికి 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీసి ఉంచాలి, దాన్నే బ్లీడ్ అంటారు. బస్సు మొత్తం కనిపించక్కర్లేదు, కిటికీలు, చక్రాలు, దుమ్ము, ఆ దుమ్ములో పైకి లేచిన తాతయ్య చెయ్యి. ఒక్క మాట కూడా వద్దు. కింద మిగిలిన చోట రెండు గడులు, ఎడమది చిన్నది, గంప మీద కప్పిన గుడ్డ మీద దుమ్ము. కుడిది, మూడో పేజీ మొదటి గడి మళ్ళీ అలాగే, అదే రోడ్డు, అదే దూరం, అదే చోట తాతయ్య, కాకపోతే ఇప్పుడు కూర్చుని ఉన్నాడు. దానికి గడి గీత తీసెయ్. గీత లేకపోతే ఆ ఖాళీ పేజీలోని తెలుపులోకి కలిసిపోతుంది, ఆయన ఎంతసేపు కూర్చున్నాడో చదివేవాళ్ళే అనుకుంటారు.

ఫోన్‌లో కూడా పెడతానన్నావు. ఒక్కో పేజీ పక్కకి జరిపి చూసే చోటైతే ప్రతి పేజీకీ తిప్పడం ఉంటుంది, అది నీకు లాభమే. పైనుంచి కిందికి జరుపుతూ పోయే వెబ్‌టూన్ పద్ధతికైతే ఈ పేజీలు అలాగే పనికిరావు, అక్షరాలు చీమల్లా అయిపోతాయి. అక్కడ ఒకదాని కింద ఒకటే గడి, వెడల్పు 800 పిక్సెల్స్ పెట్టుకోవచ్చు, కాలం గడిచిందని చెప్పాలంటే రెండు గడుల మధ్య ఖాళీ పెంచాలి. ముందు పుస్తకం పూర్తి చెయ్యి, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇంకు వెయ్యకముందు ఒక్క పరీక్ష. పెన్సిల్ పేజీని ఇంట్లో ఎవరికైనా, ఈ కథ తెలియనివాళ్ళకి ఇవ్వు, వేలు పెట్టి చదవమను. నువ్వేం మాట్లాడకు, వాళ్ళ వేలు చూడు. వేలు ఆగినచోట, వెనక్కి వచ్చినచోట చిన్న చుక్క పెట్టుకో. ముగ్గురి వేళ్ళు ఒకేచోట ఆగాయంటే ఆ గడి మార్చాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకు, మన మీద ప్రేమతో అయిందనే అంటారు.

ఎనిమిది పేజీల చిన్న కాగితం మడిచి గీశాక ఫొటో తీసి పంపు. ముఖ్యంగా ఏడో పేజీ, అత్త ఆ పండ్లు విప్పి చూసే పేజీ. ఉత్తరంలో దాని గురించి నువ్వేం రాయలేదు, ఫొటోల వెనక మసకగా కనిపిస్తోంది, అందులో తొమ్మిది గడులున్నాయి. అన్ని అక్కర్లేదనిపిస్తోంది నాకు.